ఒంటారియోలో సొంతంగా కంపెనీ రిజిస్టర్ చేసుకోవడం ఎలా?

కెనడాలోని ఒంటారియో ప్రావిన్స్‌లో బ్రాంప్టన్, మిస్సిసాగా వైపు మనవాళ్ళకి ఐటీ కాంట్రాక్ట్ దొరికితే ముందు వినపడే మాట "ఇన్‌కార్పొరేట్ అయ్యారా?" అనే, అంటే సొంత కంపెనీ రిజిస్టర్ చేసుకున్నారా అని. నాకైతే సోమవారం జాయినింగ్ అనగా గురువారం రిక్రూటర్ ఫోన్ చేసి కంపెనీ పేరున అయితేనే పేమెంట్ అంది, ఆ హడావిడిలో ఆ రాత్రే కూర్చుని అరగంటలో రిజిస్టర్ చేసేశాను. చేయడం అరగంటే గానీ అందులో చేసిన తప్పులు సరిదిద్దుకోడానికి రెండు నెలలు పట్టింది. అందుకే ఇది రాస్తున్నా.

ముందు తేల్చుకోవాల్సింది ఫెడరలా (కెనడా ప్రభుత్వం దగ్గర), ప్రావిన్షియలా (ఒంటారియో దగ్గర) అని. ఫెడరల్ ఆన్‌లైన్‌లో 200 డాలర్లు, ఒంటారియోది 300. చవకగా ఉంది కదా అని ఫెడరల్‌కి వెళ్ళకండి, అక్కడ డైరెక్టర్లలో 25 శాతం మంది రెసిడెంట్ కెనడియన్లు, అంటే కెనడాలో నివసించే సిటిజన్లు లేదా పర్మనెంట్ రెసిడెంట్లు, ఉండాలి, నలుగురికంటే తక్కువుంటే కనీసం ఒక్కరైనా ఉండాలి. ఒంటారియో 2021 జూలై 5 నుంచి ఈ రూల్ తీసేసింది, అంటే హైదరాబాద్‌లో ఉన్న మీ తమ్ముడొక్కడే డైరెక్టర్‌గా ఉన్నా కంపెనీ పెట్టొచ్చు. 18 ఏళ్ళు నిండాలి, దివాలా తీసి ఉండకూడదు. కాకపోతే డైరెక్టర్‌గా పేరుండటం వేరు, ఇక్కడ పనిచేసే హక్కు వేరు, వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్ళు ఈ రెండూ కలిపేసుకుని ఇబ్బంది పడొద్దు.

తర్వాత పేరు. పేరుతో పనిలేదనుకుంటే నంబర్డ్ కంపెనీ తీసుకోండి, వాళ్ళే ఒక నంబర్ ఇచ్చి వెనక "ఒంటారియో ఇంక్." అని తగిలిస్తారు, సెర్చ్ గొడవ ఉండదు. ఇన్‌వాయిస్ మీద ఎవరు చూస్తారండీ, కాంట్రాక్టర్‌కి నా లెక్కలో నంబరే హాయి. పేరే కావాలంటే అలాంటి పేరు ఇప్పటికే ఎవరికైనా ఉందేమో చూపించే న్యువాన్స్ రిపోర్ట్ తీయాలి, అందులోనూ ఒంటారియోది, అది 90 రోజులే పనికొస్తుంది. మనవాళ్ళకి ఇష్టమైన శ్రీ, సాయి, బాలాజీ పక్కన టెక్, సొల్యూషన్స్ పెట్టి వెతికారంటే దగ్గరదగ్గర పేర్లు పేజీలకి పేజీలు వస్తాయి, కొంచెం వేరే ఆలోచించండి. పేరు చివర లిమిటెడ్, ఇంక్., కార్ప్. లాంటిది ఏదో ఒకటి తప్పనిసరి. ఇప్పటికి నంబర్ తీసుకుని రేపు షాపు బోర్డు మీద పేరు కావాలనిపిస్తే 60 డాలర్లకి బిజినెస్ నేమ్ రిజిస్టర్ చేసుకోవచ్చు, 5 ఏళ్ళు ఉంటుంది.

ఇప్పుడు ఫైలింగ్. 2021 అక్టోబర్ నుంచి అంతా ఒంటారియో బిజినెస్ రిజిస్ట్రీలోనే, అకౌంట్ తెరిచి ఆర్టికల్స్ ఆఫ్ ఇన్‌కార్పొరేషన్ అనే కంపెనీ స్థాపన పత్రం నింపాలి. రిజిస్టర్డ్ ఆఫీస్ ఒంటారియోలోనే ఉండాలి, ఇంటి అడ్రస్ చెల్లుతుంది, పోస్టాఫీస్ బాక్స్ చెల్లదు. నేను బోల్తా పడింది డైరెక్టర్ పేరు దగ్గర. మన ఇంటిపేరు ముందుంటుంది కదా, ఊళ్ళో రాసే అలవాటు కొద్దీ ఇంటిపేరుకి ఒక్క అక్షరం కొట్టి అసలు పేరు లాస్ట్ నేమ్‌లో పెట్టేశా. బ్యాంకులో ఆ అమ్మాయి పాస్‌పోర్ట్ ఒక చేత్తో, ఆర్టికల్స్ ఇంకో చేత్తో పట్టుకుని "వీళ్ళిద్దరూ ఒకరేనా?" అంది. అకౌంట్ తెరవలేదు. పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో అక్షరం అక్షరం అలాగే కొట్టండి.

షేర్ల దగ్గర అన్‌లిమిటెడ్ కామన్ షేర్స్ అని రాసేసేవాళ్ళే ఎక్కువ, ఒక్కరే ఓనరైతే అది సరిపోతుంది. ఇద్దరు ముగ్గురు కలిసి పెడుతున్నా, మీ ఆవిడ పేరు మీద షేర్లు ఉంచాలన్నా ఇక్కడే ఆగి అకౌంటెంట్‌ని అడగండి, ఎందుకంటే తర్వాత ఆర్టికల్స్ మార్చాలంటే ఇంకో 150 డాలర్లు. పైగా ఇంట్లోవాళ్ళకి డివిడెండ్ ఇచ్చి టాక్స్ మిగిల్చే పద్ధతికి 2018 నుంచి గట్టిగా కళ్ళెం పడింది.

డబ్బు కట్టగానే సర్టిఫికెట్ వచ్చేస్తుంది, దాంతోపాటు కంపెనీ కీ ఒకటి. అది రిజిస్ట్రీకి మీ తాళంచెవి, తర్వాత ఏ మార్పు చేయాలన్నా అదే అడుగుతుంది, జాగ్రత్తగా దాచుకోండి.

అయిపోయింది అనుకుంటాం గానీ అసలు పని ఇక్కడ మొదలవుతుంది. 60 రోజుల్లో ఇనీషియల్ రిటర్న్ వేయాలి, అంటే డైరెక్టర్లు, అడ్రస్ లాంటి వివరాలు రిజిస్ట్రీకి ఇవ్వాలి. మినిట్ బుక్ పెట్టాలి, అంటే బైలాలు, తీర్మానాలు, షేర్ల రిజిస్టర్ ఉండే ఫైలు, 2023 జనవరి 1 నుంచి కంపెనీ అసలు ఎవరి చేతిలో ఉందో చెప్పే రిజిస్టర్ కూడా అందులో ఉండాలి. ఒక్కడే ఓనరు, ఆయనే డైరెక్టరు, మళ్ళీ తనకి తనే తీర్మానం రాసుకుని సంతకం పెట్టుకోవడం కామెడీగానే ఉంటుంది, అయినా పెట్టండి. బిజినెస్ నంబర్ సీఆర్‌ఏ (కెనడా టాక్స్ శాఖ) నుంచి దానంతటదే వస్తుంది, హెచ్‌ఎస్‌టీ (అమ్మకపు పన్ను) అకౌంట్ మాత్రం మీరే తెరుచుకోవాలి. వరుసగా నాలుగు క్వార్టర్లలో కలిపి ఆదాయం 30,000 డాలర్లు దాటేవరకు అది తప్పనిసరి కాదు, కాంట్రాక్ట్ వాళ్ళకి అది కొద్ది నెలల్లోనే దాటిపోతుంది, దాటాక ఇన్‌వాయిస్ మీద 13 శాతం వేయాల్సిందే, ఆ డబ్బు మీది కాదు, విడిగా పెట్టుకోండి.

కంపెనీ ఆదాయపు పన్నుకి వేసే టీ2 టాక్స్ రిటర్న్‌కీ, కంపెనీ వివరాలు ఏటా తెలిపే ఒంటారియో యాన్యువల్ రిటర్న్‌కీ కంపెనీ ఇయర్ ఎండ్ అయ్యాక 6 నెలలే గడువు. ఒకప్పుడు ఈ రెండూ కలిపి సీఆర్‌ఏకే పంపేవాళ్ళు, 2021 నుంచి యాన్యువల్ రిటర్న్ విడిగా రిజిస్ట్రీలో వేయాలి, అకౌంటెంట్ వేశాడులే అనుకుని వదిలేసేవాళ్ళని చాలామందిని చూశా.

ఇంకోటి, క్లయింట్ ఒక్కరే, వాళ్ళ లాప్‌టాప్, వాళ్ళ టైమింగ్స్, వాళ్ళ మేనేజర్ అయితే సీఆర్‌ఏ మీ కంపెనీని పర్సనల్ సర్వీసెస్ బిజినెస్ (పేరుకే కంపెనీ, నిజానికి ఉద్యోగమే) అనొచ్చు, అప్పుడు చిన్న కంపెనీలకిచ్చే తక్కువ టాక్స్ రేటు పోతుంది, ఖర్చులు చూపించుకోవడమూ చాలావరకు కుదరదు. కాంట్రాక్ట్ సంతకం పెట్టకముందే అకౌంటెంట్‌కి ఇది చూపించుకోండి.

కంపెనీ పెట్టిన కొన్నాళ్ళకి ఇంటికి కవర్లు వస్తాయి, అచ్చం గవర్నమెంట్ బిల్లులాగే ఉంటాయి, రిటర్న్ ఫైలింగ్‌కి ఇంత కట్టండి అని. నాకు రెండొచ్చాయి, ఒకదానికి చెక్ కూడా రాశాను, మా ఆవిడ కవర్ అంటిస్తూ కింద చిన్నక్షరాలు చదివింది కాబట్టి బతికిపోయా, "మేము ప్రభుత్వ సంస్థ కాదు" అని అక్కడుంది. ఇనీషియల్ రిటర్న్ మీరే రిజిస్ట్రీలో వేసుకుంటే ఫీజు ఒక్క డాలర్ కూడా లేదు.