తల్లిపాల బిడ్డకు సీసా అలవాటు చేయడం: 3వ పాఠం

గత రెండు పాఠాల్లో పాలు చేత్తో పిండడం, ఫ్రిజ్‌లో నిల్వ చేయడం నేర్చుకున్నాం. ఈ వారం అసలు పని మొదలవుతుంది. పిండిన పాలను సీసాతో బిడ్డకు అందించాలి.

అనంతపురంలో ఉంటూ రోజూ బస్సులో తాడిపత్రి వెళ్లి ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పే తల్లిని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. బిడ్డకు మూడున్నర నెలలు, సెలవు ఇంకో మూడు వారాల్లో అయిపోతుంది. చట్టంలో మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల సెలవు ఉంది కానీ, చిన్న బడుల్లో, దుకాణాల్లో చేసేవాళ్లకు అంత దొరకడం కష్టమే. మీదీ ఇదే పరిస్థితి అయితే ఈ రోజే మొదలుపెట్టండి. రేపు డ్యూటీలో చేరతామనగా ఈ రోజు సీసా పడితే ఇంటిల్లిపాదికీ టెన్షనే. బిడ్డ పుట్టి నెల కూడా కాకపోతే మాత్రం ఆగండి. ముందు రొమ్ము పట్టడం బాగా కుదరాలి.

బిడ్డ సీసాను ఎందుకు తోసేస్తుందో అర్థమైతే సగం పని అయినట్టే. రొమ్ము దగ్గర బిడ్డ మొదట గబగబా చీకుతుంది. చేపు వచ్చాక, అంటే రొమ్ములో పాలు ధారగా దిగాక, నిదానంగా, లోతుగా లాగి గుటకలు వేస్తుంది. అలసిపోతే ఆగుతుంది, పాలూ నెమ్మదిస్తాయి. సీసాకు చేపు లేదు. వంచగానే పాలు కారతాయి. బిడ్డ సిద్ధం కాకముందే నోరు నిండిపోతుంది, పొలమారుతుంది, భయపడుతుంది. మరుసటి రోజు నిపుల్ పెదవికి తగిలితే చాలు, ఏడుపు అందుకుంటుంది. బిడ్డ కాదంటున్నది పాలను కాదు, ఆ వేగాన్ని.

అందుకే అన్నిటికంటే నెమ్మదిగా పాలు వచ్చే స్లో ఫ్లో నిపుల్ తీసుకోండి. ఏ కంపెనీదో నేను చెప్పను. మన దేశంలో 1992 నాటి చట్టం పాలసీసాల ప్రకటనలనే నిషేధించింది, అది మంచి చట్టం. ఇంకో మాట. "పాలు రావట్లేదు" అని సూది కాల్చి నిపుల్ రంధ్రం పెద్దది చేసే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది. దయచేసి ఆ పని చేయకండి. నిపుల్‌కు తేనె రాయడం అసలే వద్దు. ఏడాది లోపు బిడ్డకు తేనె ప్రమాదం.

మొదటి వారం సీసా పట్టాల్సింది తల్లి కాదు. తల్లి ఒడిలో ఉన్న బిడ్డకు రొమ్ము వాసన తగులుతుంటే సీసా ఎందుకు పడుతుంది? మీరు లేనప్పుడు బిడ్డను చూసుకునేది జేజి (నానమ్మో, అమ్మమ్మో) అయితే ఈ పాఠం జేజి చేతే చదివించండి, లేదా చదివి వినిపించండి. ఆ పది నిమిషాలు మీరు మిద్దె మీదికో, పక్కింటికో వెళ్లండి. పక్క గదిలో ఉంటే మీ గొంతు వినపడుతుంది. తల్లి కట్టి విడిచిన చీరను జేజి భుజాన వేసుకుంటే కొందరు పిల్లలు కుదుటపడతారు, ఇంకొందరు తల్లి కోసం ఎక్కువ ఏడుస్తారు. ఒకసారి చూసి, మీ బిడ్డకు ఏది నప్పితే అది చేయండి.

ఎప్పుడు పట్టాలి? బిడ్డ ఆకలితో గుక్కపట్టినప్పుడు మాత్రం కాదు. పాలు తాగి గంట, గంటన్నర అయి, నిద్ర లేచి ఆడుకుంటున్న వేళ మంచిది. మొదట్లో 20 నుంచి 30 మిల్లీలీటర్ల పాలు చాలు, అవీ అప్పుడే పిండినవైతే మేలు. నిల్వ పాలు కొందరు తల్లులవి సబ్బు వాసన వస్తాయి. పాలలోని లైపేజ్ అనే ఎంజైమ్ వల్ల అలా అవుతుంది. పాడైపోయినట్టు కాదు కానీ, ఆ రుచి నచ్చక కొందరు పిల్లలు వద్దంటారు. మొదటి పాఠానికే ఆ చిక్కు ఎందుకు?

ఇప్పుడు జేజి చేతుల వైపు చూద్దాం. బిడ్డను పడుకోబెట్టకూడదు. ఒడిలో దాదాపు నిటారుగా కూర్చోబెట్టుకుని, మెడ వెనక ఒక చెయ్యి ఆసరా ఇవ్వాలి. నిపుల్‌ను గోరువెచ్చని నీళ్లలో ముంచి తీసి, బిడ్డ పై పెదవి మీద మెల్లగా రాయాలి. లోపలికి తోయకూడదు. బిడ్డ నాలుకతో తడుముతుంది, మొహం చిట్లిస్తుంది, మళ్లీ తడుముతుంది. ఆవలించినట్టు నోరు పెద్దగా తెరిచినప్పుడు నిపుల్‌ను మొదలుదాకా లోపలికి పోనివ్వాలి. పెదవులు రెండూ బయటికి విచ్చుకుని ఉండాలి. సీసాను పైకెత్తకుండా నేలకు అడ్డంగా, నిపుల్ సగం మాత్రమే నిండేలా పట్టుకోవాలి. నాలుగైదు గుటకలయ్యాక సీసా అడుగును కాస్త కిందికి దించితే పాలు వెనక్కి పోతాయి. నిపుల్ నోట్లోనే ఉంటుంది, బిడ్డ ఊపిరి తీసుకుంటుంది. మళ్లీ చీకడం మొదలుపెడితే మళ్లీ అడ్డంగా పట్టాలి. చేపు ఆగి వచ్చినట్టు ఇలా ఆపి ఆపి ఇవ్వడమే ఈ పాఠమంతటికీ ప్రాణం.

ఈలోగా బిడ్డ వేళ్లను గమనించండి. పిడికిలి వదులుగా ఉంటే హాయిగా ఉన్నట్టు. వేళ్లు విచ్చుకుని బిగుసుకున్నా, కనుబొమలు ముడిపడినా, పెదవుల పక్క నుంచి పాలు కారుతున్నా వేగం ఎక్కువైనట్టే. వెంటనే సీసా దించేయాలి. ఏడిస్తే ఆపేసి, ఎత్తుకుని వాకిట్లో తిప్పాలి. ఆ పూటకు పాఠం అయిపోయింది. రోజుకు ఒక్కసారి, పది నిమిషాలకు మించకుండా ప్రయత్నించండి. ఐదు మిల్లీలీటర్లే తాగినా, నిపుల్‌ను ఊరికే నమిలి వదిలేసినా నష్టం లేదు.

"ఒక పూట పస్తు పెట్టు, అదే తాగుతుంది" అని చెప్పేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. పెద్దవాళ్ల మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఈ ఒక్క సలహా వినకండి. గుక్కపట్టి ఏడుస్తున్న బిడ్డ కొత్త పని నేర్చుకోలేదు. ఒకవేళ తాగినా అలసిపోయి తాగుతుంది, సీసా అంటే భయం అలాగే ఉండిపోతుంది.

పాలు ఎంత పెట్టి వెళ్లాలని చాలామంది అడుగుతారు. తల్లి దూరంగా ఉన్న ప్రతి గంటకూ సుమారు 30 నుంచి 45 మిల్లీలీటర్లు లెక్క వేసుకుని, 60 చొప్పున చిన్న చిన్న సీసాల్లో పెట్టండి. పెద్ద సీసాలో మిగిలిపోయి పారబోస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. బిడ్డ నోరు పెట్టిన పాలను 2 గంటలు దాటితే వాడకూడదని నియమం. మన ఏప్రిల్, మే నెలల్లో అంతసేపు కూడా ఉంచకండి. ఈ ఎండలకు బిడ్డ దప్పికతో ఉంటుందని నీళ్లు పట్టాలనిపిస్తుంది. 6 నెలలు నిండేదాకా చుక్క నీళ్లు కూడా అక్కర్లేదు. తల్లిపాలలో నూటికి 87 వంతులు నీళ్లే. ఎండ ఎక్కువైతే రొమ్ము ఎక్కువసార్లు ఇవ్వండి.

సీసా, నిపుల్ విడదీసి, బ్రష్‌తో కడిగి, 5 నిమిషాలు నీళ్లలో మరిగించాలి. బోరు నీళ్లయితే తెల్లటి పొర కడుతుంది, క్యాన్ నీళ్లతో మరిగిస్తే ఆ బాధ తప్పుతుంది.

రెండు వారాలు ఓపిగ్గా చేసినా సీసా పట్టకపోతే? ఉగ్గుగిన్నె ఉంది కదా! నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ఆసుపత్రుల్లో ఇప్పటికీ గిన్నెతోనే పడతారు. కడగడం సులువు, పాలు దాగే సందులుండవు. బిడ్డను నిటారుగా పట్టుకుని గిన్నె అంచును కింది పెదవికి ఆనించి, పాలు పెదవికి తగిలేదాకా వంచాలి. బిడ్డే నాలుకతో జుర్రుకుంటుంది. నోట్లో పోయకూడదు. నా మటుకు నేను సీసా కంటే దీన్నే ఎక్కువ ఇష్టపడతాను. మీరు డ్యూటీలో చేరేసరికి బిడ్డకు 6 నెలలు దాటుతాయంటే సీసా జోలికే పోనక్కర్లేదు, నేరుగా చిన్న గ్లాసు అలవాటు చేయండి.

ఈ వారం ఒక కాగితం మీద రోజూ మూడే విషయాలు రాసుకోండి: ఏ వేళ పట్టారు, ఎంత తాగింది, ఎందుకు ఆపారు. ఒంటేలు రోజుకు ఆరుసార్ల కంటే తగ్గినా, నోరు ఎండినా, మాడు గుంటపడినా, బిడ్డ మందకొడిగా ఉన్నా పాఠం పక్కన పెట్టి వెంటనే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి.

వచ్చే పాఠం: డ్యూటీలో చేరాక బడిలో పాలు ఎప్పుడు పిండుకోవాలి, బస్సులో ఇంటికి చల్లగా ఎలా తేవాలి.