కణ మరణం – ఆరవ పాఠం: కోత వేరు, జీర్ణం వేరు

ఈసారి కణం చావాలా బతకాలా అని నియంత్రించే బీసీఎల్-2 ప్రోటీన్ల కుటుంబంలోకి వెళ్లాలి. కానీ గత పాఠం చివర ఇచ్చిన ‘ప్రోటీన్లను కోసే ఎంజైమ్‌లైన (ప్రోటియేజ్‌లైన) కాస్పేజ్‌లు కణాన్ని ఎలా చంపుతాయి?’ అనే ప్రశ్నకు శ్రీకాకుళం, పాలకొండ, బొబ్బిలి విద్యార్థులు పంపిన జవాబులు చదివాక ఆ పాఠాన్ని వాయిదా వేస్తున్నాను. చాలామంది రాసింది ఒకటే: ‘కాస్పేజ్‌లు ప్రోటియేజ్‌లు కాబట్టి కణంలోని ప్రోటీన్లన్నింటినీ జీర్ణం చేస్తాయి, అందుకే కణం చనిపోతుంది.’ ఈ వాక్యం మీ నోటు పుస్తకంలో ఉంటే ఇప్పుడే కొట్టేయండి. అది అక్కడే ఉండిపోతే ఇకపై ఏ పాఠమూ సరిగా అర్థం కాదు.

కణం తనను తాను క్రమపద్ధతిలో చంపుకోవడానికి కెర్, విల్లీ, కరీ 1972లో అపాప్టోసిస్ అని పేరు పెట్టిన సంగతి, కణం దెబ్బతిని పగిలి చనిపోయే నెక్రోసిస్‌తో దానికున్న తేడా మీకు తెలిసినవే. నేరుగా కోత దగ్గరకు వద్దాం.

పేగులో పనిచేసే ట్రిప్సిన్‌ను తీసుకోండి. లైసిన్, ఆర్జినిన్ ఎక్కడ కనిపిస్తే దాదాపు అక్కడల్లా వాటి తర్వాత కోస్తుంది. ప్రోటీన్ ముక్కలు ముక్కలవుతుంది. జీర్ణం అంటే అదే. కాస్పేజ్ ఆస్పార్టిక్ ఆమ్లం తర్వాతే కోస్తుంది, అదీ కనిపించిన ప్రతిచోటా కాదు. దానికి ముందున్న మూడు అమైనో ఆమ్లాలు కూడా నచ్చాలి. ఆ చోటు ఎంజైమ్‌కు అందేలా ప్రోటీన్ బయటి వైపు ఉండాలి. కాస్పేజ్-3కి బాగా ఇష్టమైన వరుస ఆస్పార్టిక్, గ్లుటామిక్, వాలీన్, ఆస్పార్టిక్. నేనైతే అమైనో ఆమ్లాల గొలుసు రాయగానే ముందు ఆస్పార్టిక్‌లన్నింటికీ ఎర్ర సిరాతో గీత పెట్టి, ఆ తర్వాతే మిగతావి చూస్తాను. మీరూ అలాగే చేయండి.

పార్ప్-1నే చూడండి. డీఎన్ఏకు గాయమైతే మరమ్మతు మొదలుపెట్టే ఈ ప్రోటీన్‌లో 1014 అమైనో ఆమ్లాలున్నాయి. ఆస్పార్టిక్‌లు అనేకం. అయినా కాస్పేజ్-3 కోసేది 214వ స్థానం తర్వాత, ఒక్కచోట. డీఎన్ఏను పట్టుకునే వేళ్ల వంటి భాగాలు ఒక ముక్కలోకి, పనిచేసే భాగం ఇంకో ముక్కలోకి పోతాయి. రెండు ముక్కలూ చెక్కుచెదరకుండా ఉంటాయి, మరమ్మతు మాత్రం ఆగిపోతుంది. ఇందులో జీర్ణం ఎక్కడుంది?

కోత ఎప్పుడూ ఆపడానికే అనుకుంటే అదీ పొరపాటే. క్యాడ్ అనే ఎంజైమ్‌కు డీఎన్ఏను కోసే శక్తి ఉంది. ఐక్యాడ్ అనే ఇంకో ప్రోటీన్ దాన్ని పట్టి ఉంచుతుంది. కాస్పేజ్-3 ఐక్యాడ్‌ను కోయడమంటే చెరువు మదుము తలుపు ఎత్తడమే. విడుదలైన క్యాడ్ న్యూక్లియోసోమ్‌ల (డీఎన్ఏ ప్రోటీన్ల చుట్టూ చుట్టుకున్న ఉండల) మధ్య డీఎన్ఏను కోస్తుంది. డీఎన్ఏ ముక్కలను పొడవును బట్టి వేరుచేసే జెల్ మీద సుమారు 180 బేస్ జతలు, దాని రెట్టింపు, మూడు రెట్లు, ఇలా మెట్లు మెట్లుగా పట్టీలు కనిపిస్తాయి. ఆ డీఎన్ఏను కోసింది కాస్పేజ్ కాదు. అది కోసింది ఒక కాపలా ప్రోటీన్‌ను.

రాక్-1 అనే ఎంజైమ్ కూడా ఇలాంటిదే. తనను తాను అణచుకునే తోక తెగిపోగానే ఆగకుండా పనిచేస్తుంది, కణం ఉపరితలం మీద బుడిపెలు లేస్తాయి. లామిన్లను కాస్పేజ్-6 కోస్తుంది, కేంద్రకం పొర లోపలి అల్లిక విడిపోతుంది. ఫాస్ఫాటిడైల్ సెరీన్ అనే కొవ్వు అణువును కణ పొర లోపలి వైపే ఉంచే ప్రోటీన్ ఒక కోతతో ఆగుతుంది. ఫాస్ఫాటిడైల్ సెరీన్‌ను బయటి వైపు తేల్చే ఎక్స్‌కేఆర్-8 అనే ప్రోటీన్ ఇంకో కోతతో పని మొదలుపెడుతుంది. శిథిలాలను మింగే రక్షణ కణమైన మాక్రోఫేజ్ ఆ గుర్తు చూసి కణాన్ని మింగుతుంది.

మీరు రాసిన జీర్ణానికి చోటు ఇక్కడుంది. మింగిన మాక్రోఫేజ్‌లోని జీర్ణ సంచులైన లైసోసోమ్‌లలో కెథెప్సిన్ వంటి ప్రోటియేజ్‌లు మిగిలిన పని పూర్తిచేస్తాయి. వానలు పడ్డాక మన చెరువుల్లో తోకకప్పలను చూడండి. థైరాయిడ్ హార్మోన్ ప్రభావంతో తోక కణాలు అపాప్టోసిస్‌తో చనిపోతాయి, కొలాజెన్‌ను వేరే ప్రోటియేజ్‌లు కరిగిస్తాయి, మాక్రోఫేజ్‌లు శిథిలాలను మింగుతాయి. తోక తెగి పడిపోదు, లోపలికి కుంచించుకుపోతుంది. అక్కడ కోత, జీర్ణం రెండూ ఉన్నాయి, చేసే ఎంజైమ్‌లు మాత్రం వేరు.

మొదటి కాస్పేజ్‌ను ఎవరు మేల్కొలుపుతారని కొందరు అడిగారు. మంచి ప్రశ్న. సైటోక్రోమ్ సి మైటోకాండ్రియా నుంచి బయటపడగానే అపాఫ్-1 అనే ప్రోటీన్ అణువులు ఏడు చక్రంలా చేరతాయి. ఆ చక్రం మీద ప్రోకాస్పేజ్-9లు (ఇంకా మేల్కొనని కాస్పేజ్-9లు) దగ్గరకు వచ్చి జతకట్టడంతో చైతన్యం పొందుతాయి, కోత అవసరం లేదు. ప్రోకాస్పేజ్-3 అప్పటికే జంటగా ఉంటుంది, దానికి కోత తప్పనిసరి. కాస్పేజ్‌ల సంఖ్యలన్నీ బట్టీ పట్టకండి. బయటి సంకేతానికి 8, లోపలి సంకేతానికి 9, పని జరిపించేది 3. ప్రస్తుతానికి ఇవి చాలు.

అభ్యాసం. లైసిన్, ఆర్జినిన్, లైసిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్, గ్లుటామిక్, వాలీన్, ఆస్పార్టిక్, గ్లైసిన్, వాలీన్, ఆస్పార్టిక్, గ్లుటామిక్, వాలీన్. ఈ గొలుసును ట్రిప్సిన్ ఎక్కడ కోయగలదు? కాస్పేజ్-3 ఎక్కడ కోస్తుంది? మిగతా రెండు ఆస్పార్టిక్‌లను ఎందుకు వదిలేస్తుందో కారణంతో సహా రాయండి.

రెండోది కష్టం, తొందరపడకండి. ఎంసీఎఫ్-7 అనే రొమ్ము క్యాన్సర్ కణాల్లో కాస్పేజ్-3 లేదు. మరణ సంకేతం ఇస్తే అవి చనిపోతాయి, కానీ జెల్ మీద డీఎన్ఏ మెట్లు కనిపించవు. మెట్లు ఎందుకు రాలేదు? కాస్పేజ్-3 లేకున్నా కణం ఎందుకు చనిపోయింది? జవాబులో ‘జీర్ణం’ అనే మాట వాడకుండా ఒక పేజీ రాసి పంపండి.