సగంలో ఆగిపోయే పల్లెటూరి మిస్టరీ: లక్షణం, కారణం, మందు

మా పిన్ని కూతురు ఖమ్మం వెళ్తుంటే ఒక ఇంగ్లండ్ పల్లెటూరి మిస్టరీ నవల చేతిలో పెట్టి పంపాను. వారం తర్వాత ఫోన్ చేసింది. "అక్కా, అరవై పేజీలయ్యాయి. ఇంకా టీలు తాగుతూనే ఉన్నారు. చచ్చేదెవరో, ఎన్నో పేజీలోనో చెప్పు, అక్కణ్ణుంచి చదువుతా." రెండు రోజులాగి మళ్ళీ ఫోన్. "చర్చి ఫాదర్‌కి పెళ్ళామేంటక్కా? అదేనా గుట్టు?"

తప్పు దానిదీ కాదు, పుస్తకానిదీ కాదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన 1945 తర్వాత పదేళ్ళలో వచ్చిన ఈ నవలలు అప్పటి ఇంగ్లండ్ జనం కోసం రాసినవి, అంటే పొద్దున రేషన్ క్యూలో నిలబడి సాయంత్రం కుర్చీలో కూలబడే వాళ్ళ కోసం. వాళ్ళకి తెలిసిన సంగతుల్ని రచయితలు విడమర్చి చెప్పలేదు. చిక్కేంటంటే, హత్య గుట్టు చాలాసార్లు ఆ చెప్పని సంగతుల్లోనే ఉంటుంది. మనం బోరు కొట్టి తిప్పేసిన పేజీలోనే క్లూ జారిపోతుంది. నా దగ్గరికొచ్చిన ఫిర్యాదులు, వాటికి నేను చెప్పే మందులు కింద ఇస్తున్నాను. హంతకుల పేర్లు ఎక్కడా బయటపెట్టను, భయపడకండి.

"ఎవరు ఎవరో గుర్తుండటం లేదు"

ఒకే మనిషికి మూడు పేర్లు ఉండటమే దీనికి కారణం. స్నేహితులు ఒక పేరుతో పిలుస్తారు, పనిమనిషి ఇంటిపేరుకి ముందు మిసెస్ తగిలిస్తుంది, మగవాళ్ళు ఒకరినొకరు వట్టి ఇంటిపేరుతోనే పిలుచుకుంటారు. పైగా కల్నల్, మేజర్, వికార్, డాక్టర్ అనే బిరుదులొకటి.

పేర్ల జాబితా రాసుకుంటే లాభం లేదు, నేను చూశాను. ఇళ్ళ జాబితా రాసుకోండి. మన ఊళ్ళో "మేడింటివాళ్ళు", "పోస్టుమాస్టరు గారి భార్య" అనుకోమూ, అలాగే. ఒక కాగితం మీద చర్చి, దాని పక్కన వికారేజ్ (వికార్ ఉండే ఇల్లు), కొంచెం దూరంగా పెద్ద బంగళా, మధ్యలో పచ్చికబయలు, దాని చుట్టూ పోస్టాఫీసు, పబ్, డాక్టరు ఇల్లు, ఊరి చివర యుద్ధం తర్వాత స్థానిక ప్రభుత్వం కట్టిన అద్దె ఇళ్ళు, అంటే కౌన్సిల్ ఇళ్ళు. ప్రతి గడిలో ఎవరుంటారో రాసుకుంటే నలభయ్యో పేజీకల్లా ఊరంతా మీ చేతిలో ఉంటుంది.

వికార్ అంటే ఇంగ్లండ్ చర్చి పాస్టరు. కేథలిక్ ఫాదర్ కాదు. పదహారో శతాబ్దం నుంచీ ఆ చర్చిలో పెళ్ళి చేసుకోవచ్చు. ఊళ్ళో సగం పనులు నడిపేది వికార్ భార్యే కాబట్టి ఆవిడ మాటలు వదలకండి.

ఇక కల్నల్ గారు. చాలా కథల్లో ఈయన మన దేశంలో ఉద్యోగం చేసి, 1947కి అటూ ఇటూగా ఇంటికి చేరినవాడే. ఇంట్లో ఇత్తడి సామాను, గోడ మీద పులి తల, నోట్లో టిఫిన్, చట్నీ లాంటి మాటలు. ఇలాంటివాళ్ళ ద్వారా మన మాటలు చాలానే ఇంగ్లీషులోకి వెళ్ళాయి. బాండికూట్ అనేది మన పందికొక్కే! కానీ ఒక్కటి గమనించండి. యుద్ధం అయ్యాక "నేను మేజర్‌ని" అని ఎవరైనా చెప్పుకోవచ్చు, ఆ పల్లెలో అడిగేవాళ్ళెవరు? నాకైతే మేజర్ కనిపించగానే పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టడం అలవాటైపోయింది.

"కొత్తగా వచ్చినవాళ్ళంటే ఊరంతటికీ అంత అనుమానం దేనికి?"

ఇది ముదిరిన లక్షణం. ఇది అర్థం కాకపోతే యుద్ధం తర్వాతి నవల ఒక్కటి కూడా అర్థం కాదు.

యుద్ధానికి ముందు ఇంగ్లండ్ పల్లెలో కొత్త మనిషి దిగితే చేతిలో ఒక ఉత్తరం ఉండేది. ఫలానా వాళ్ళ మేనకోడలు, ఫలానా రెజిమెంట్‌లో మా అన్నయ్యతో కలిసి పనిచేశాడు అని. మనం "ఏ ఊరు బాబూ, ఎవరి తాలూకు?" అని అడుగుతామే, అదే పని ఆ ఉత్తరం చేసేది. 1939 సెప్టెంబరులో బాంబులు పడతాయనే భయంతో లక్షలాది పిల్లల్ని నగరాల నుంచి పల్లెలకి తరలించారు. తర్వాత లండన్ మీద నిజంగానే బాంబులు పడ్డాయి. ఇళ్ళు, వాటితో పాటు కాగితాలు, ఆ కాగితాల్లోని మనుషుల్ని ఎరిగిన ఇరుగుపొరుగు అన్నీ పోయాయి. యూరప్ నుంచి శరణార్థులొచ్చారు. సైన్యంలో పనిచేసినవాళ్ళు సొంత ఊరికి పోకుండా వేరే చోట స్థిరపడ్డారు.

వీళ్ళందరి దగ్గరా ఒక గుర్తింపు కార్డు ఉండేది. 1939లో మొదలైన ఆ కార్డుల్ని 1952 ఫిబ్రవరిలో తీసేశారు. మామూలు జనం కార్డు మీద పేరు, నంబరు, చిరునామా ఉంటాయి, ఫోటో ఉండదు! ఆధార్ కార్డుకి అలవాటు పడ్డ మనకి ఈ చిన్న సంగతి తట్టదు. ఫోటో లేని కార్డు పట్టుకుని వచ్చిన మనిషి నిజంగా ఆ మనిషేనా? అగాథా క్రిస్టీ 1950లో రాసిన ఎ మర్డర్ ఈజ్ అనౌన్స్‌డ్ నవలంతా ఈ బెంగ మీదే నిలబడి ఉంది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పినా మీకు అన్యాయం చేసినట్టే.

మందు చిన్నదే. ప్రతి పాత్ర దగ్గరా ఒకే ప్రశ్న వేసుకోండి: ఈ మనిషిని 1939కి ముందు కళ్ళారా చూసినవాళ్ళు ఇప్పుడు ఈ ఊళ్ళో ఎవరున్నారు? "ఎవరూ లేరు" అని జవాబొస్తే ఆ పేరు కింద గీత గీయండి. అలా చూసిన ఒకే ఒక్క మనిషి చచ్చిపోతే, రెండు గీతలు.

"వెన్న, గుడ్లు, బొగ్గు గురించి పేజీలకి పేజీలు"

మా పిన్ని కూతురు టీ సీన్లన్నీ దాటేసింది. దాటకూడనివే అవి.

బ్రిటన్‌లో రేషన్ 1940 జనవరి 8న బేకన్, వెన్న, పంచదారతో మొదలైంది. యుద్ధం 1945లో ముగిసినా రేషన్ పోలేదు, చివరిగా మాంసం మీద 1954 జూలైలో ఎత్తేశారు. యుద్ధంలో ఎప్పుడూ రేషన్ పెట్టని బ్రెడ్డుకి యుద్ధం గెలిచాక 1946 నుంచి 1948 దాకా పెట్టారు. గెలిచినవాళ్ళ మూతి ఎందుకంత ముడుచుకుని ఉంటుందో ఇప్పుడు తెలుస్తుంది. మనిషికి వారానికి వెన్న రెండు ఔన్సులు, అంటే 57 గ్రాములు. టీపొడి కూడా అంతే. పంచదార ఎనిమిది ఔన్సులు, గుడ్డు ఒకటి. కాలాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ మారేది.

ఇప్పుడు ఆ టీ సీన్ మళ్ళీ చదవండి. బల్ల మీద చాక్లెట్ కేకు ఉంది, దాని నిండా వెన్న, చక్కెర. ఎక్కడివి? ఎవరో తమ వారాల కోటా దాచి ఉండాలి, లేదా రైతు దగ్గర చాటుగా కొని ఉండాలి. గుడ్లిచ్చి కూరగాయలు, వెన్నిచ్చి జాకెట్ గుడ్డ తీసుకోవడం ఊరంతా చేసేదే, చట్టం ఒప్పుకోకపోయినా. అందుకే ఇన్‌స్పెక్టర్ వచ్చి "నిన్న మధ్యాహ్నం ఆ ఇంటికి ఎందుకెళ్ళారు?" అంటే పాపం ఒక పెద్దావిడ తడబడి అబద్ధం చెబుతుంది. ఆవిడ దాస్తున్నది హత్యని కాదు, అరకిలో వెన్నని. పాఠకుడేమో ఆవిడ వెంట యాభై పేజీలు పరిగెడతాడు.

బొగ్గు కూడా అంతే. 1947 మొదట్లో భయంకరమైన చలి, బొగ్గు కొరత, కరెంటు కోతలు. అలాంటి కాలంలో ఒక ఇంట్లో అన్ని గదుల్లోనూ మంట వెలుగుతోందంటే, రచయిత వెచ్చదనం వర్ణిస్తున్నాడనుకోకండి. ఎవరికో ఎక్కడి నుంచో డబ్బొస్తోంది. పంచదార, కిరోసిన్ కోసం రేషన్ షాపు ముందు నిలబడిన ఇళ్ళవాళ్ళం మనం, ఈ క్లూలు పట్టుకోవడం మనకే తేలిక.

"టైమ్ లెక్క తప్పుతోంది"

మన దగ్గర ఏడాది పొడవునా పొద్దుగుంకేది ఐదుంబావుకీ ఏడింటికీ మధ్యే. కాబట్టి "రాత్రి తొమ్మిదింటికి అతను తోటలో కనిపించాడు" అని చదవగానే మన బుర్రలో చీకటి పడిపోతుంది. ఇంగ్లండ్‌లో జూన్ నెల తొమ్మిదింటికి ఇంకా వెలుతురుంటుంది, డిసెంబరులో నాలుగింటికే దీపాలు పెడతారు. సాక్షి మొహం చూశానంటే నమ్మాలా వద్దా అనేది నెలని బట్టి ఉంటుంది. దానికి తోడు వేసవిలో గడియారాలు గంట ముందుకి తిప్పుతారు. 1947లో కొన్ని నెలలు ఏకంగా రెండు గంటలు తిప్పారు.

భోజనాల పేర్లు మరో గోతి. పెద్దింట్లో డిన్నర్ అంటే రాత్రి, కూలీ ఇంట్లో డిన్నర్ అంటే మధ్యాహ్నం. "డిన్నర్ తర్వాత చూశాను" అన్నది ఎవరో చూసుకోకుండా గంట వేసుకోవద్దు. పుస్తకం అట్ట లోపల పెన్సిల్‌తో నెల, గంట, చెప్పినవాళ్ళ పేరు రాసుకోండి. మన సొంత పుస్తకమైతేనే సుమా.

"ఈ పౌండ్లు, షిల్లింగులు..."

12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు, 21 షిల్లింగులైతే గినీ. 1971 ఫిబ్రవరి 15 దాకా అదే లెక్క. పదహారణాల రూపాయి చూసిన తాతగారు ఇంట్లో ఉంటే ఆయనకి ఇది వింతగా ఉండదు. రూపాయల్లోకి మార్చే పని పెట్టుకోకండి. ఆ పుస్తకంలోనే పనిమనిషి జీతం ఎంతో చూసి, వీలునామా మొత్తాన్ని దానితో పోల్చండి. చావు పన్ను, అంటే మనిషి పోయాక వదిలిన ఆస్తి మీద వేసే పన్ను, దాని సంగతి మాత్రం గుర్తుండాలి. 1949లో అతి పెద్ద ఆస్తుల మీద అది 80 శాతానికి చేరింది. బంగళా ఉన్నవాళ్ళంతా డబ్బున్నవాళ్ళు కారు, పైకప్పు కారుతున్నా బాగు చేయించలేని జమీందారులు ఈ నవలల నిండా ఉంటారు.

"ఇన్‌క్వెస్ట్ అయిపోయిందిగా, కేసు తేలినట్టేనా?"

కాదు. మన దగ్గర ఇన్‌క్వెస్ట్ అంటే పోలీసులు శవం దగ్గర చేసే పంచనామా. అక్కడ కరోనర్ అనే అధికారి, ఒక్కోసారి జ్యూరీతో, నలుగురి ముందు జరిపే విచారణ. ముఖ్యంగా చావు ఎలా జరిగిందో తేలుస్తారు. అక్కడ "ప్రమాదం" అని తీర్పొస్తే కథ అప్పుడే మొదలవుతోందని అర్థం.

"ముసలావిడ కనిపెట్టిందంటే నమ్మబుద్ధి కావడం లేదు"

డిటెక్టివ్ యుగంధర్ లాంటి వృత్తి డిటెక్టివ్‌లని చదివి పెరిగితే ఇలాగే ఉంటుంది. ఆఫీసు లేదు, అసిస్టెంటు లేడు, రివాల్వర్ లేదు. స్వెటర్ అల్లుకునే ఒక ఒంటరి పెద్దావిడ హంతకుణ్ణి పట్టుకోవడమేంటి?

మొదటి ప్రపంచ యుద్ధంలో 7 లక్షలకు పైగా బ్రిటిష్ సైనికులు పోయారు. పెళ్ళి కాకుండానే ముసలివాళ్ళైన ఆడవాళ్ళు ఆ తర్వాత ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. చేతి నిండా తీరిక, పెద్దగా డబ్బు లేదు, ఎవరూ పట్టించుకోరు. ఇన్‌స్పెక్టర్ ముందు తలుపు తట్టి ప్రశ్నలడిగితే అందరూ సర్దుకుని జవాబు చెబుతారు. ఈవిడ వెనక గుమ్మంలోంచి జామ్ సీసా పట్టుకుని వెళ్తుంది, వంటమనిషి పక్కన కూర్చుని బఠాణీలు ఒలుస్తుంది. పోస్టాఫీసులో ఎవరికి ఎక్కణ్ణుంచి ఉత్తరమొచ్చిందో, టెలిఫోన్ ఎక్స్‌చేంజి అమ్మాయి చెవిన ఏం పడిందో ఈవిడకి సాయంత్రానికల్లా చేరుతుంది. మీ అమ్మమ్మ వాళ్ళ వీధి అరుగు మీద కూర్చుని, పెళ్ళిచూపులకి వచ్చిన కారు చూసి సంబంధం కుదరదని చెప్పిన పెద్దావిడ గుర్తున్నారా? ఆవిడ అంచనా ఎన్నిసార్లు తప్పింది?

"హంతకుడు దొరికాడు, కానీ మోసపోయినట్టుంది"

ముందు మొదటి మూడు అధ్యాయాలు మళ్ళీ చదవండి. ఈ రచయితల్లో చాలామంది 1930లో లండన్‌లో మొదలైన మిస్టరీ రచయితల సంఘం డిటెక్షన్ క్లబ్ చుట్టూ ఉన్నవాళ్ళు. క్లూ పాఠకుడికి చూపించకుండా దాచడాన్ని వాళ్ళు తొండాటగా చూసేవారు. పదింట తొమ్మిదిసార్లు ఆ క్లూ మీ కళ్ళ ముందే కేకు ముక్కలా పడి ఉంటుంది. పదోసారి నిజంగానే తొండాట, అలాంటి పుస్తకాన్ని తిట్టుకోవడానికి మీకు పూర్తి హక్కుంది.

ఒక్క జబ్బుకి మాత్రం నా దగ్గర మందు లేదు. అది మనకంటే ముందు చదివినవాళ్ళు. ఒకసారి లైబ్రరీ నుంచి తెచ్చిన నవలలో ముప్పయ్యో పేజీలో ఒక పేరు చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి, పక్కన "వీడే!" అని రాసి ఉంది. ఒళ్ళు మండిపోయింది. అయినా మొండిగా చివరిదాకా చదివాను. వాడు కాదు.