జామ్‌కి వెళ్దాం – 4వ పాఠం: రెండు వేళ్లు, పన్నెండు బార్లు

పోయిన పాఠంలో మెట్రోనోమ్‌ని (టిక్కు టిక్కుమని లయ చూపే సాధనం) నిమిషానికి 60కి పెట్టి, ఆ టిక్కుని రెండో బీట్‌గా, నాలుగో బీట్‌గా వినమన్నాను. అంటే పాట వేగం 120. అది ఇంకా కుదరనివాళ్లు ఇంకో వారం దాని మీదే ఉండండి, తొందరేం లేదు. స్వింగ్, అంటే జాజ్‌లోని ఆ ఊగే నడక, ఒంట్లోకి దిగకుండా కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు) నేర్చుకున్నా జామ్‌లో, అంటే రిహార్సల్ లేకుండా కలిసి వాయించే చోట, పనికిరావు.

ఈసారి జామ్‌లో నిజంగా వాయించబోయే మొదటి రూపం చూద్దాం: పన్నెండు బార్ల బ్లూస్. నేను న్యూజెర్సీలో పగలు ఆఫీసు పని చేసుకుంటూ, వారంలో ఒకటి రెండు రాత్రులు పియానో వాయిస్తాను. ముక్కూ మొహం తెలియని నలుగురం రిహార్సల్ లేకుండా కలిసి వాయించగలుగుతున్నామంటే ఇలాంటి రూపాలు అందరికీ తెలిసి ఉండడం వల్లే. ఎవరో ఒకరు 'బ్లూస్ ఇన్ సి' అంటారు. అంతే, డ్రమ్మర్ కర్రలు ఎత్తేస్తాడు.

పన్నెండు బార్లు, బార్‌కి నాలుగు బీట్లు. మొత్తం నలభై ఎనిమిది. సంగీతం నేర్చుకున్నవాళ్లు దీన్ని ఆది తాళం ఆరు ఆవర్తనాలుగా లెక్కేసుకోవచ్చు. ఒక చుట్టుని 'కోరస్' అంటారు, దాని మొదటి బీట్‌ని 'టాప్' అంటారు. సోలో (ఒక్కరే అప్పటికప్పుడు అల్లి వాయించేది) ఎన్ని కోరస్‌లు సాగినా అందరూ ఒకే టాప్ దగ్గర కలవాలి, మన సమం లాగే. లెక్కించేటప్పుడు ప్రతి బార్ మొదటి బీట్ మీద ఆ బార్ నంబరు చెప్పండి: 'వన్ టూ త్రీ ఫోర్, టూ టూ త్రీ ఫోర్, త్రీ టూ త్రీ ఫోర్' అని పన్నెండు దాకా.

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. నా మొదటి జామ్‌కి నేను స్కేళ్లూ కార్డ్స్ అన్నీ సాధన చేసుకునే వెళ్లాను. మూడో కోరస్‌లో ఒక వరుస చాలా బాగా కుదిరింది. ఆ సంతోషంలో లెక్క వదిలేశాను. బేస్ (కింది స్వరాలు వాయించే వాద్యం) ఏడో బార్‌లో ఉంది, నేను అయిదులో ఉన్నాను. నా చేతికింద ప్రతి కార్డూ తప్పుగా మోగుతోంది, ఎందుకో అర్థం కావట్లేదు. బేస్ వాయించే పెద్దాయన నా వైపు తిరిగి, సరిగ్గా మొదటి బీట్ దగ్గర, పెదవులతోనే 'టాప్' అన్నాడు. అక్కడ పట్టుకున్నాను. మీకూ ఇలా అయితే టెన్షన్ పడి ఇంకా ఎక్కువ వాయించకండి. చేతులు ఎత్తేసి బేస్ వినండి. పన్నెండో బార్ చివర్లో డ్రమ్మర్ చాలాసార్లు చిన్న ఫిల్, అంటే ఖాళీ నింపే దరువు, వేస్తాడు. దాని తర్వాతి బీటే టాప్.

ఇప్పుడు కార్డ్స్. మొదటి నాలుగు బార్లు సి సెవెన్. అయిదు, ఆరు ఎఫ్ సెవెన్. ఏడు, ఎనిమిది మళ్లీ సి సెవెన్. తొమ్మిది, పది జి సెవెన్. పదకొండు, పన్నెండు సి సెవెన్.

వీటికి రెండు వేళ్లు చాలు. సి ని షడ్జమం అనుకోండి. మధ్య సి కి ఎడమ పక్కన అంతర గాంధారం, కైశికి నిషాదం కలిపి నొక్కండి. అంటే ఇ, బి ఫ్లాట్. ఇదే సి సెవెన్. షడ్జమం వదిలేశాం, దాన్ని బేస్ చూసుకుంటుంది. ఇప్పుడు రెండు వేళ్లనీ పక్క మెట్టుకి, అర స్వరం కిందికి దించండి: సాధారణ గాంధారం, చతుశ్రుతి ధైవతం. అది ఎఫ్ సెవెన్. మళ్లీ సి సెవెన్ దగ్గరికి వచ్చి, ఈసారి అర స్వరం పైకి జరపండి: శుద్ధ మధ్యమం, కాకలి నిషాదం. అది జి సెవెన్. బ్లూస్ మొత్తం ఈ మూడు చోట్ల మధ్యే తిరుగుతుంది. గిటార్ మీదైతే ఒక ఫ్రెట్ కిందికి, ఒక ఫ్రెట్ పైకి. ఇది మొదటిసారి చేతికి తగిలిన రోజు నేను రాత్రి రెండింటి దాకా పియానో మీంచి లేవలేదు.

రెండో బార్‌లోనే ఎఫ్‌కి వెళ్లి మూడో బార్‌కి తిరిగొచ్చేవాళ్లు చాలామంది. బేస్ వింటే తెలిసిపోతుంది, వేళ్లు దించండి.

ఈ రెండు స్వరాలని ప్రతి బీట్ మీదా కొట్టకండి. బార్‌కి ఒకటో రెండో చోట్ల, పొట్టిగా. పియానో వాయిస్తూ జాజ్ బ్యాండ్ నడిపిన కౌంట్ బేసీ 1904లో మా రాష్ట్రంలోనే, రెడ్ బ్యాంక్‌లో పుట్టాడు. పెద్ద బ్యాండ్ మధ్యలో కూర్చుని ఆయన వేసే ఆ రెండు మూడు స్వరాలు వినండి, ఖాళీ ఎంత పని చేస్తుందో తెలుస్తుంది. స్టేజీ మీద గిటార్ కూడా ఉంటే ఒకరు కార్డ్స్ వేసేటప్పుడు ఇంకొకరు ఆగాలి. ఇది ఎవరూ చెప్పరు, కానీ మళ్లీ పిలవాలా వద్దా అన్నది చాలావరకు దీని మీదే తేలుతుంది.

పాట నడిచే పద్ధతి తేలిక. ముందు 'హెడ్', అంటే పల్లవి లాంటి అసలు బాణీ, బ్లూస్‌లో మామూలుగా రెండుసార్లు. తర్వాత సోలోలు. నడిపించేవాళ్లు తల మీద చేయి పెట్టి చూపిస్తే మళ్లీ హెడ్‌కి రమ్మని. దానికి ముందు నాలుగు వేళ్లు చూపిస్తే 'ఫోర్స్': నాలుగు బార్లు ఒక వాద్యం, నాలుగు బార్లు డ్రమ్స్. ఇక్కడ ఒక చిక్కు ఉంది. పన్నెండులో నాలుగులు మూడే. మొదటి కోరస్‌లో మనం, డ్రమ్స్, మనం. కాబట్టి రెండో కోరస్ టాప్ డ్రమ్స్‌ది అవుతుంది. డ్రమ్మర్ వాయిస్తున్నప్పుడు కూడా బార్లు లోపల లెక్కపెట్టుకుంటూనే ఉండాలి.

హెడ్‌కి జాజ్ సంగీతకర్త డ్యూక్ ఎలింగ్టన్ 'సి జామ్ బ్లూస్' తీసుకోండి. బాణీ మొత్తం రెండే స్వరాలు, పంచమం, పై షడ్జమం. ఆ నాలుగు బార్ల వరుసే మూడుసార్లు వస్తుంది, కింద కార్డ్స్ మారుతుంటాయి.

ఈ వారం రోజూ ఇరవై కోరస్‌లు రెండు వేళ్లతో, బార్ నంబరు పైకి చెబుతూ వాయించండి. తర్వాత నోరు మూసుకుని పది. ఫోన్‌లో రికార్డు చేసి, వింటూ ప్రతి టాప్ దగ్గరా చప్పట్లు కొట్టండి. వరసగా పది టాప్‌లు తప్పకుండా పడితే 5వ పాఠానికి రండి. అందులో మూడు స్వరాలతో సోలో మొదలుపెడదాం.