ఇన్సులిన్‌తో అమెరికా ప్రయాణం: సర్దుకునే ముందు తెలుసుకోవాల్సినవి

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్తూ షుగర్‌కు ఇన్సులిన్ వేసుకునేవాళ్లు కనీసం నెల ముందే టికెట్టు కాపీతో డాక్టరును కలవాలి. ఎన్నింటికి ఎక్కుతారు, మధ్యలో ఎంతసేపు ఆగుతారు, ఎన్నింటికి దిగుతారు అన్నది చూస్తేనే ఆయన డోసు చెప్పగలరు. పడమరకు వెళ్తే రోజు సాగుతుంది. వేసవిలో హైదరాబాదు నుంచి డాలస్‌కు వెళ్తే పదిన్నర గంటలు అదనంగా కలుస్తాయి. ఆ గంటల్లో ఏ ఇన్సులిన్ ఎంత వేయాలో, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో మన టైము ప్రకారం కాగితం మీద రాయించుకోండి. దిగేదాకా వాచీ మార్చకండి, లెక్క తప్పదు.

అదే రోజు ఇంగ్లిషులో ఒక ఉత్తరం, ప్రిస్క్రిప్షన్ కూడా తీసుకోండి. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. మందులకు బ్రాండు పేరుతో పాటు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ లాంటి అసలు పేర్లు కూడా రాయించండి. మన బ్రాండు పేర్లు అక్కడ చాలామందికి తెలియవు.

ఇన్సులిన్ మొత్తం చేతి సంచిలోనే పెట్టుకోండి. సూట్‌కేసులో వేస్తే కింద కార్గోలో గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూడ్డానికి మామూలుగానే ఉండొచ్చు కానీ సరిగా పనిచేయదు, పారేయాల్సిందే. ఐస్ ప్యాక్ వాడితే దానికి తగలకుండా మధ్యలో తువ్వాలు చుట్టండి. విమానంలో ఫ్రిజ్‌లో పెట్టమని ఎవరికీ ఇవ్వొద్దు. వాడుతున్న ఇన్సులిన్ పెన్ను మామూలు గది వేడిలో దాదాపు నాలుగు వారాలు ఆగుతుంది. సూదులు, గ్లూకోమీటరు, స్ట్రిప్పులు, అదనపు బ్యాటరీ కూడా అందులోనే. ఇద్దరు కలిసి వెళ్తుంటే సగం సగం రెండు సంచుల్లో సర్దండి.

సెక్యూరిటీ దగ్గర ఇన్సులిన్ ఉందని ముందే చెప్పండి. ఒంటికి ఇన్సులిన్ పంపు గానీ షుగర్ చూసే సెన్సరు గానీ ఉంటే స్కానర్‌లోంచి వెళ్లొచ్చో లేదో కంపెనీ ఇచ్చిన కాగితంలో చూసుకోండి. కూడదని ఉంటే చేత్తో తనిఖీ చేయమని అడగండి.

షుగర్ పడిపోతే వాడే గ్లూకోజు చిన్న ప్యాకెట్లలో తీసుకెళ్లండి. అమెరికా విమానాల్లో 350 మిల్లీలీటర్ల పరిమాణం దాటిన పొడిని చేతి సంచిలో ఆపేయొచ్చు. పెద్ద గ్లూకోజు డబ్బా, కంది పొడి, కారప్పొడి సూట్‌కేసులోకే.

షుగర్ 70 కన్నా తగ్గితే, లేదా చెమటలు, వణుకు, కంగారు మొదలైతే మూడు చెంచాల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాలాగి మళ్లీ చూడండి. ఇంకా తక్కువే ఉంటే మళ్లీ అంతే తాగండి. భోజనానికి ముందు వేసే ఇన్సులిన్ ట్రే మీ ఎదుటికి వచ్చాకే వేసుకోండి. భోజనాల బండి వరసలో కనిపించిందని వేసుకుంటే, కుదుపుల వల్ల సర్వీసు ఆగిపోవచ్చు. అప్పుడు షుగర్ పడుతుంది. పెన్నులో సూది వదిలేస్తే గాలి బుడగలు చేరతాయి. ప్రతిసారీ కొత్త సూది పెట్టి, రెండు యూనిట్లు బయటికి వదిలి చూశాకే వేసుకోండి.

కాళ్లు వాస్తాయి కాబట్టి పాత, వదులు చెప్పులు లేదా బూట్లే వేసుకోండి. గంటకోసారి నడవండి. టాయిలెట్‌కు వట్టి కాళ్లతో వెళ్లొద్దు. దిగాక పాదాల అడుగు భాగం చూసుకోండి, స్పర్శ తగ్గినవాళ్లకు బొబ్బ నొప్పి తెలియదు.

సొంత వాడకానికి మూడు నెలలకు మించి మందులు తీసుకురావడానికి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సాధారణంగా ఒప్పుకోదు. ఆరు నెలలుంటే మిగతాది అక్కడే కొనాల్సి రావచ్చు. ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు జరిగేది ఇక్కడే. మన వయల్ (చిన్న సీసా) ఇన్సులిన్ చాలావరకు మిల్లీలీటరుకు 40 యూనిట్లు, దాని సిరంజీకి ఎర్ర మూత. అక్కడి వయల్ సాధారణంగా 100 యూనిట్లు, సిరంజీకి నారింజ రంగు మూత. ఎర్ర మూత సిరంజీలో 20 గీత దాకా లాగితే అర మిల్లీలీటరు. అక్కడి వయల్‌లోంచి అంతే లాగితే ఒంట్లోకి 50 యూనిట్లు వెళ్తాయి, అంటే రెండున్నర రెట్లు. కొత్త వయల్ కొన్న రోజే దాని సిరంజీలూ కొనండి, మన సిరంజీలను మందుల పెట్టెలోంచి తీసేయండి, మొదటి డోసును ఇంట్లో ఇంకొకరి చేత గీతలు సరిచూపించుకోండి.