పెద్దవారు నలుగురిలోకి వెళ్లేలా చేయడం ఎలా?

"ఊరికే కూర్చునే బదులు అలా బయటికి వెళ్లి రావచ్చు కదా" అని పిల్లలు అంటూనే ఉంటారు. పెద్దవారు వింటూనే ఉంటారు, కదలరు. పోరు పెట్టడం మాని, ఈ వరుసలో ప్రయత్నించి చూడండి.

1. ఎందుకు మానేశారో కనిపెట్టండి

బద్ధకమని తేల్చేయడం తేలిక. చాలాసార్లు అసలు అడ్డంకి చెవి. టీవీ శబ్దం రోజురోజుకూ పెరుగుతున్నా, నలుగురూ మాట్లాడుకునేటప్పుడు అర్థంకాకపోయినా తలాడిస్తున్నా వినికిడి పరీక్ష చేయించండి. "ఏమన్నారు?" అని పదేపదే అడగడానికి మొహమాటపడే చాలామంది సందడికి దూరమవుతారు. మతిమరుపు వ్యాధి (డిమెన్షియా)పై 2024లో వచ్చిన లాన్సెట్ కమిషన్ (లాన్సెట్ అనే వైద్య పత్రిక ఏర్పాటు చేసిన నిపుణుల బృందం) నివేదిక, మనం అదుపు చేయగలిగిన 14 ముప్పు కారణాలను గుర్తించింది. వినికిడి లోపం, చికిత్స చేయించని చూపు లోపం, నలుగురికీ దూరం కావడం, శరీరానికి శ్రమ లేకపోవడం ఆ జాబితాలోనివే.

ఇంకో కారణం ఉంది, దాన్ని ఎవరూ నోరు తెరిచి చెప్పరు: మూత్రం ఆపుకోలేమేమోనన్న భయం. దీనికి వైద్యం ఉంది. ఈలోగా, వెళ్లేచోట మరుగుదొడ్డి ఎక్కడుందో మీరే కనుక్కుని మాటల్లో మాటగా చెప్పండి.

2. కుర్చీతో మొదలుపెట్టండి

65 ఏళ్లు దాటినవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. కండరాలకు బలమిచ్చే వ్యాయామం కనీసం రెండు రోజులు, తూలిపడకుండా నిలదొక్కుకునే సాధన మూడు రోజులు ఉండాలి. అంత చేయలేకపోతే చేయగలిగినంత చేసినా మేలేనని ఆ సంస్థే అంటోంది.

గట్టి కుర్చీని గోడకు ఆనించండి. అంచుకు జరిగి, పాదాలు నేలకు పూర్తిగా ఆనించి, కాస్త ముందుకు వంగి లేవమనండి. ఒక్క క్షణం నిలబడి, దభీమని కూలబడకుండా మెల్లగా కూర్చోవాలి. ఆ మెల్లగా దిగడంలోనే తొడ కండరాలకు పని పడుతుంది. మొదట్లో ఐదుసార్లు చాలు. పక్కనే మీరు ఉండండి. ఇక నడకకు వస్తే, మోస్తరు వేగానికి కొలత ఇది: మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. గుండె జబ్బు ఉన్నా, ఈమధ్య పడిపోయినా, లేవగానే కళ్లు తిరుగుతున్నా ముందు డాక్టరును అడగాలి.

3. కాలక్షేపం చూపించకండి, పని అప్పగించండి

"మీకు పొద్దుపోతుంది" అనే మాట ఎంత మర్యాదగా అన్నా గుచ్చుకుంటుంది. లెక్కలు బాగా వచ్చినవారికి ఒక పిల్లవాడి చదువు అప్పగించండి. మొక్కలంటే ఇష్టమున్నవారిని తోట పెంచేవారితో కలపండి. వారు ఒకరోజు రాకపోతే "ఏమయ్యారు?" అని ఎవరో ఒకరు అడిగే చోటైతే చాలు. ప్రతి వారం అదే రోజు, అదే వేళ ఉంటే అలవాటవుతుంది. మొదటిసారి మీరూ వెళ్లండి, కానీ అవతలివారు అడిగినదానికి మీరు జవాబు చెప్పేయకండి.

4. ఫోనులో ఒక్క పనే నేర్పండి

వీడియో కాల్ ఒక్కటి చాలు. మీరు నొక్కి చూపించడం కాకుండా వారి వేలితోనే చేయించండి.

5. వద్దంటే వదిలేయండి, కానీ గమనించండి

కొందరికి ఏకాంతమే హాయి. అయితే ఇష్టమైన పనులపైనా ఆసక్తి పోయి, నిద్ర, ఆకలి తగ్గి రెండు వారాలు దాటితే అది కుంగుబాటు కావచ్చు. వయసు మీద పడిందని సరిపెట్టుకోకుండా డాక్టరుకు చూపించండి.