చూడకుండా పోయకండి: ఇంజిన్ ఫ్లష్, క్లీనర్ల విషయంలో జాగ్రత్తలు

ఈమధ్య మా వర్క్‌షాప్‌కి ఒక కారును తాడు కట్టి లాక్కొచ్చారు. ముందు వారమే ఇంకో చోట సర్వీస్ చేయించారట. ఆయిల్ మార్చారు, ఫిల్టర్ మార్చారు, ఆయిల్ దించే ముందు ఇంజిన్ లోపల కడగడానికని ఒక ఇంజిన్ ఫ్లష్ డబ్బా కూడా పోశారు. హైవే మీద పోతుంటే ఆయిల్ లైట్ ఒకసారి మినుక్కుమని ఆరిపోయింది. కొత్త ఆయిలే కదా పోయించాం అని ఓనరు పట్టించుకోలేదు. కాసేపటికి ఇంజిన్‌లో టకటకమని సౌండ్ మొదలైంది, ఇంకాస్త దూరం పోయేసరికి సీజ్ అయి బిగుసుకుపోయింది. మేం ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ విప్పి చూస్తే ఆయిల్ ఇంకా తేనె రంగులోనే ఉంది. దాని అడుగున ఆయిల్‌ను వడకట్టే జల్లెడ, అంటే స్ట్రెయినర్ మాత్రం నల్లటి ముద్దతో పూర్తిగా పూడుకుపోయి ఉంది. స్క్రూడ్రైవర్ కొనతో గీరితే పెచ్చులు పెచ్చులుగా ఊడి వచ్చింది. క్రాంక్ బేరింగులు అరిగి, వాటి చోట్లోనే తిరిగిపోయి రాగిరంగు తేలాయి.

ఆయిల్ టైముకు మార్చండి, కంపెనీ చెప్పిన గ్రేడే పోయండి లాంటివి అందరికీ తెలుసు, వాటి జోలికి పోను. ఇంజిన్లు పోగొట్టుకుని మా దగ్గరికి వచ్చేవాళ్లలో మళ్లీ మళ్లీ కనిపించే తప్పు ఒకటుంది. లోపల మడ్డి ఎంత పేరుకుందో చూడకుండా ఫ్లష్ పోయించడం. ఈ మాట ఇందులో చాలాసార్లు వస్తుంది, విసుక్కోకండి.

ఫ్లష్ పోస్తే లోపల ఏం జరుగుతుంది

ఫ్లష్ డబ్బాలో ఉండేది ఎక్కువ భాగం పలచటి సాల్వెంట్, దాంతోపాటు కొంత డిటర్జెంట్. దించబోయే పాత ఆయిల్లో దీన్ని కలిపి, బండిని కదపకుండా డబ్బా మీద రాసినంత సేపు, మామూలుగా 10–15 నిమిషాలు, ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడిచేలా) ఉంచి, వేడి మీదే ఆయిల్ దించేయాలి. పద్ధతి ఇంతే. టైముకు ఆయిల్ మారుతూ వచ్చిన ఇంజిన్లో అది కడగడానికి పెద్దగా ఏమీ ఉండదు, అందుకే దానికి ప్రమాదమూ తక్కువే. ఏళ్ల తరబడి ఆయిల్ మార్చని ఇంజిన్‌లోనే కడగాల్సినంత మడ్డి ఉంటుంది. ప్రాణం మీదికి వచ్చేదీ ఆ ఇంజిన్‌కే. "బండి పాతబడింది, లోపల బాగా మడ్డి పట్టి ఉంటుంది, ఒక ఫ్లష్ కొట్టించండి" అని చెప్పే సలహా తలకిందుల సలహా.

ఎందుకో చెబుతాను. ఆయిల్ చాంబర్‌లోంచి ముందు స్ట్రెయినర్ గుండా పంపులోకి పోతుంది, పంపు దాటాకే ఫిల్టర్‌లోకి వస్తుంది. "కొత్త ఫిల్టర్ వేశాం కదా, మడ్డి అంతా అందులో ఆగిపోతుంది" అనుకునేవాళ్లు ఈ వరుస గుర్తుపెట్టుకోవాలి. ఊడిన పెచ్చులు ఫిల్టర్ దాకా రావు. ముందే స్ట్రెయినర్ జల్లెడకు అతుక్కుంటాయి. గొంతుకు గుడ్డ అడ్డం పెట్టినట్టు పంపుకు ఆయిల్ అందదు. చాంబర్ నిండా కొత్త ఆయిల్ ఉంటుంది, డిప్‌స్టిక్ తీసి చూస్తే లెవెల్ సరిగ్గానే కనిపిస్తుంది, పైన బేరింగులు మాత్రం ఎండిపోతుంటాయి.

జల్లెడను దాటిపోయిన సన్న మడ్డితో ఇంకో బాధ. దానితో ఫిల్టర్ నిండిపోతే లోపలి బైపాస్ వాల్వ్ తెరుచుకుంటుంది. ఇంజిన్‌కు ఆయిల్ ఆగిపోకూడదని చేసిన ఏర్పాటు అది. కానీ అప్పుడు వడకట్టని ఆయిలే బేరింగుల్లోకి పోతుంది. క్రాంక్‌షాఫ్ట్ లోహం మీద లోహం ఆని తిరగదు, మైక్రాన్ల మందం ఉన్న ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆ పొరలో గట్టి రేణువు పడితే గీత పడాల్సిందే. టర్బో ఉన్న బండి అయితే దాని షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది, దానికి ఆయిల్ వచ్చే పైపు సన్నగా ఉంటుంది. వాల్వ్‌లు తెరుచుకునే సమయాన్ని మార్చే సోలినాయిడ్లకు, టైమింగ్ చైన్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్‌కు పోయే దారులు అంతకంటే సన్నవి.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. ఫ్లష్ పోసిన రోజే అంతా బయటికి రాదు. నానిన మడ్డిలో కొంత ఆయిల్‌తోపాటు దిగిపోతుంది, కొంత సగం ఊడి లోపలే వేలాడుతుంటుంది. కొత్త ఆయిల్లోని డిటర్జెంట్ తగిలి అది తర్వాతి రోజుల్లో ఒక్కో పెచ్చుగా రాలుతుంది. అందుకే వర్క్‌షాప్‌లోంచి బండి చక్కగా బయటికొచ్చి వారానికో పది రోజులకో రోడ్డు మీద ఆగిపోతుంది. అప్పటికి ఫ్లష్ మీద ఎవరికీ అనుమానం రాదు.

పోసే ముందు చూడాల్సింది

ఆయిల్ పోసే మూత తీసి టార్చ్ వేసి చూడండి. లోపలి లోహం కనిపిస్తూ, దాని మీద లేత గోధుమరంగు పూత మాత్రమే ఉంటే మీ ఇంజిన్ బాగానే ఉన్నట్టు. దానికి ఫ్లష్ అవసరమే లేదు. నల్లటి జిగురు ముద్దలుగా ఉన్నా, వేలితో రుద్దితే నలుసులుగా చేతికి వచ్చినా ఫ్లష్ మాట ఎత్తకండి.

మూత కింద చూసినంత మాత్రాన అయిపోలేదు. దగ్గరి దూరాలే తిరిగే బండికి ఇంజిన్ సరిగ్గా వేడెక్కక ఆవిరి పేరుకుని మూత కింద మీగడలాంటి తెల్లటి పదార్థం వస్తుంది, అది మడ్డి కాకపోవచ్చు. కూలెంట్ తగ్గుతూ ఆ తెలుపు కూడా ఉంటే మాత్రం హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ హెడ్ కింది సీలు) చూపించుకోవాలి, అది క్లీనర్లతో పోయే జబ్బు కాదు. పైన శుభ్రంగా ఉండి చాంబర్ అడుగున అంగుళం మడ్డి ఉన్న ఇంజిన్లూ ఉంటాయి. వీలుంటే డ్రెయిన్ బోల్ట్ రంధ్రంలోంచి సన్న కెమెరా పెట్టించి చూడండి. సర్వీస్ రికార్డు లేని సెకండ్ హ్యాండ్ బండి అయితే మడ్డి ఉన్నట్టే లెక్క వేసుకోండి.

ఆయిల్ నల్లగా ఉండటం వేరు, మడ్డి వేరు. డీజిల్ ఇంజిన్లో కొత్త ఆయిల్ కూడా మసి వల్ల కొద్ది రోజులకే నల్లబడుతుంది. ఆ నలుపు చూపించి ఫ్లష్ అంటగడితే ఒప్పుకోకండి.

టైమింగ్ బెల్ట్ ఆయిల్‌లోనే తిరిగే ఇంజిన్లు కొన్ని ఉన్నాయి. ఫోర్డ్ 1.0 ఎకోబూస్ట్, ప్యూజో–సిట్రోయెన్ 1.2 ప్యూర్‌టెక్‌లో చాలా వరకు అలాంటివే. సాల్వెంట్ రబ్బరును పాడుచేస్తుంది. బెల్ట్ నానితే దాని పొట్టు కూడా పోయి చేరేది అదే స్ట్రెయినర్‌లోకి. ఇలాంటి ఇంజిన్లో తయారీదారు రాసి ఇవ్వనిదే ఏ ఫ్లష్ పోయకండి.

మడ్డి పెద్ద పెద్ద కంపెనీల ఇంజిన్లనే తిప్పలు పెట్టింది. 1997–2002 మధ్య వచ్చిన కొన్ని టయోటా 4 సిలిండర్, వీ6 ఇంజిన్లలో మడ్డి సమస్య ముదిరితే, 2002లో ఆ కంపెనీ వాటి మరమ్మతు పూచీని 8 ఏళ్లకు పొడిగించాల్సి వచ్చింది. ఒక డబ్బా పోస్తే తీరిపోయేదే అయితే అంత దూరం వచ్చేది కాదు.

మరి మడ్డి పట్టిన ఇంజిన్‌ను ఏం చేయాలి? చాంబర్ దింపి, స్ట్రెయినర్ విప్పి, చేత్తో కడగాలి. వాల్వ్ కవర్ కూడా తీయగలిగితే ఇంకా మంచిది. ఆ తర్వాత సరైన గ్రేడు మంచి ఆయిల్ పోసి, 1,500–2,000 కి.మీ.కే ఫిల్టర్‌తో సహా మార్చాలి. ఇలా రెండు మూడు సార్లు చేస్తే ఆయిల్లోని డిటర్జెంటే మెల్లగా కరిగించి తీసుకెళ్తుంది. తీసిన ఫిల్టర్‌ను ప్రతిసారీ కోసి మడతలు విప్పి చూడండి. నల్ల నలుసులు తగ్గుతున్నాయంటే దారిలో పడ్డట్టే. మెరిసే లోహపు పొడి కనిపిస్తే బండి తిప్పడం ఆపేయండి. ఈ పద్ధతికి నెలలు పడుతుంది, ఓపిక కావాలి. ఇంజిన్ దించే పనితో పోలిస్తే ఆ ఓపిక ఏమంత ఎక్కువ కాదు.

చూశాక కూడా పోయాలనుకుంటే

పోసే ముందు డిప్‌స్టిక్ చూడండి. ఇప్పటికే లెవెల్ పై గీత దగ్గర ఉంటే, డబ్బాలో ఎంత ఉందో అంత ఆయిల్ ముందు తీసేయండి. లెవెల్ పై గీత దాటితే క్రాంక్ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, నురగను పంపు సరిగ్గా తోయలేదు.

బండి చదునైన చోట పెట్టండి. ఇంజిన్‌ను మామూలు వేడికి తెచ్చి, ఆపి, అప్పుడు పోయండి. మళ్లీ స్టార్ట్ చేశాక యాక్సిలరేటర్ ముట్టుకోవద్దు. సాల్వెంట్ కలిసిన ఆయిల్ పలచబడి ఉంటుంది, అది ఐడిల్ బరువును మోస్తుంది గానీ రోడ్డు మీది బరువును మోయలేదు. "ఫ్లష్ పోశాం, మీరు ఒక రౌండు తిరిగి రండి" అని ఎవరైనా అంటే తాళం ఇవ్వకండి. షెడ్డు తలుపులు మూసి ఇంజిన్ నడపకండి, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

దించేటప్పుడు తొందరపడకండి. ధార ఆగాక కూడా చుక్కలు పడటం ఆగేదాకా వదిలేయండి. లోపల మిగిలిన ఫ్లష్ కొత్త ఆయిల్‌ను పలచన చేస్తుంది. ఫిల్టర్ పాతది ఉంచేయడమన్న మాటే లేదు.

ఇక మిగతావి వరసగా:

– కిరోసిన్ పోసి కడగొద్దు. డీజిల్ పోసి కడగొద్దు. మా నాన్న కాలం నుంచీ ఇలాగే చేస్తున్నాం అన్నా సరే.

– ఎక్కువ మడ్డి ఉంది కదా అని రెండు డబ్బాలు పోయొద్దు.

– 15 నిమిషాలు చాలవని గంట ఉంచొద్దు.

– ఫ్లష్ పోశాక ఆయిల్ దించకుండా రాత్రంతా నానబెట్టొద్దు.

– పాత సీళ్లు గట్టిపడి ఉంటాయి, ఒక్కోచోట లీకును ఆపుతున్నది ఆ మడ్డే. ఫ్లష్ తర్వాత నెల రోజులు పార్కింగ్ చోట నేల మీద చుక్కలు ఉన్నాయేమో చూస్తుండండి.

– పెట్రోల్ ట్యాంకులో పోసే క్లీనర్‌ను ఆయిల్లో పోయొద్దు, ఆయిల్ ఫ్లష్‌ను ట్యాంకులో పోయొద్దు. నవ్వుకోకండి, రెండూ జరుగుతున్నాయి.

– ట్యాంకు క్లీనర్ కొలత దాటొద్దు. దాన్ని ఆయిల్ మార్చే తేదీకి కాస్త ముందు వాడుకోండి, ఎందుకంటే కొంత పిస్టన్ రింగుల పక్కనుంచి జారి ఆయిల్లోకి చేరుతుంది.

– డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ ఇంజిన్లో ఇన్‌టేక్ వాల్వ్ వెనక పేరుకున్న కార్బన్ ట్యాంకు క్లీనర్‌తో పోదు. అక్కడికి పెట్రోలే రాదు.

– నడుస్తున్న డీజిల్ ఇంజిన్ గాలి పైపులోకి, డీజిల్‌కని రాసి లేని స్ప్రే ఏదీ కొట్టొద్దు. డీజిల్ ఇంజిన్ గాలితో వచ్చిన మండే ఆవిరినల్లా మండిస్తుంది, వేగం అదుపు తప్పితే తాళం తిప్పినా ఆగదు. అప్పుడు గాలి దారికి చేయి అడ్డం పెట్టొద్దు.

– టర్బోకు ముందు స్ప్రే కొట్టొద్దు. ద్రవం గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌లో నిలిచి ఒక్కసారిగా సిలిండర్లోకి పోతే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

– ఎయిర్‌ఫ్లో సెన్సర్ మీద బ్రేక్ క్లీనర్ కొట్టొద్దు, కార్బొరేటర్ క్లీనర్ కూడా కొట్టొద్దు. దానికని చేసిన స్ప్రే వేరే ఉంది.

– ఎలక్ట్రానిక్ థ్రాటిల్ రెక్కను వేలితో నెట్టొద్దు.

– క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ తడి ఆరకముందు దగ్గర్లో వెల్డింగ్ చేయొద్దు. ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది, మనుషుల ప్రాణాలు తీసేది.

– కళ్లద్దాలు, గ్లోవ్స్ లేకుండా కారు కిందికి పోవద్దు. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని అసలే పోవద్దు.

– తీసిన ఆయిల్ కాలవలో పారబోయొద్దు.

– వారంటీ ఉన్న బండికి మాన్యువల్‌లో లేనిది ఏదీ పోయించొద్దు.

– సర్వీస్ బిల్లులో ఫ్లష్ అని ముందే రాసి ఉంటే ఆ పద్దు తీసేయించండి. మూత తీసి చూడని మనిషికి ఆ మాట రాసే హక్కు లేదు. చూడకుండా పోయకండి. పోయనివ్వకండి.

– ఫ్లష్ పోశాక మొదటి వెయ్యి కిలోమీటర్లు హైవే మీద తొక్కొద్దు. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆయిల్ లైట్ వైపు ఒక చూపు వేయండి, స్ట్రెయినర్ పూడుకోవడం మొదలైతే ముందు తెలిసేది అక్కడే.

– ఆ లైటు ఆయిల్ ఎంత ఉందో చెప్పదు, ప్రెషర్ ఉందో లేదో చెబుతుంది. చాలా బండ్లలో ప్రెషర్ బాగా పడిపోయాక గానీ వెలగదు. అర సెకను వెలిగినా పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి. ఇంటిదాకా పోదాం అనుకోవద్దు. దగ్గర్లో ఉన్న మెకానిక్ దాకా కూడా వద్దు.

– ఆపాక "ఇంకోసారి చూద్దాం" అని స్టార్ట్ చేయొద్దు. డిప్‌స్టిక్‌లో లెవెల్ సరిగ్గా ఉంటే టోయింగ్ పిలవండి. వర్క్‌షాప్‌లో దించాక, ఇంకే డబ్బా తెరవకముందే, మీ కళ్లముందు చాంబర్ విప్పించి స్ట్రెయినర్ చూపించమనండి.